నలభై మందికి ఎంతమంది అప్రెంటిస్‌లు? పీణ్యాలో నా అనుభవం

నోటీసు వచ్చిన రోజు నేను జీతాల షీటు ముందు కూర్చుని ఉన్నాను. 2023 జులై. జీతాలు ఒక్క రోజు ఆలస్యమైనా మా షాపులో ముఖాలు మారిపోతాయి. అందుకే ఆ కవరును మధ్యాహ్నం దాకా విప్పలేదు. అప్రెంటిస్ చట్టం ప్రకారం మీరు తీసుకోవాల్సినంత మంది అప్రెంటిస్‌లను, అంటే స్టైపెండ్ మీద పని నేర్చుకునేవాళ్ళను, తీసుకోలేదు, ఎందుకు తీసుకోలేదో నెల రోజుల్లో రాతపూర్వకంగా చెప్పండి అని ఉంది అందులో.

మాది బెంగళూరు పీణ్యా సెకండ్ స్టేజిలో ఒక మెషినింగ్ షాపు. కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో లోహాన్ని కోసే సీఎన్‌సీ లేత్‌లు, వీఎంసీ మిల్లింగ్ మెషిన్లు, ఒక మూల ఎవరూ అమ్మనివ్వని పాత చేతి లేత్ ఒకటి. పంపులకు, వాల్వులకు కావలసిన భాగాలు చేసిస్తాం. ఓనరుది చిత్తూరు వైపు, ఫోర్‌మన్‌ది హిందూపురం, నాది మదనపల్లె. అకౌంట్స్ నేనే చూస్తాను, హెచ్‌ఆర్ నేనే చూస్తాను, ఆయుధపూజకు బూడిద గుమ్మడికాయలు తెప్పించేదీ నేనే.

సార్ నోటీసు చూసి, "మనకెందుకమ్మా ఇది? ఇరవై ఆరు మందిమే కదా," అన్నారు. నేనూ అదే అనుకున్నాను. 30 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న చోటే అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి అని మా ఆడిటర్ గారు ఎప్పుడో చెప్పారు. 2019 సెప్టెంబరులో నియమాలు మార్చకముందు ఆ అంకె 40 ఉండేది. 4 నుంచి 29 మంది ఉన్నవాళ్ళు ఇష్టముంటే తీసుకోవచ్చు, లేకపోతే లేదు. మేము 26. కాబట్టి మర్యాదగా ఒక ఉత్తరం రాసి పంపేస్తే అయిపోతుంది అనుకుని ఇంటికి వెళ్ళాను.

రాత్రి అన్నాలు అయ్యాక నియమాలు తెరిచి చదివితే అసలు సంగతి బయటపడింది. సంస్థలో మొత్తం ఎంతమంది అనే లెక్కలో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళూ వస్తారు. మా గేటు దగ్గర ముగ్గురు సెక్యూరిటీ, ఊడ్చేవాళ్ళు ఇద్దరు, డీబరింగ్‌లో (కోసిన భాగాల అంచులకు మిగిలిన గరుకు, అంటే బర్, తీసే పని), ప్యాకింగ్‌లో కలిపి తొమ్మిది మంది హెల్పర్లు. పద్నాలుగు. ఇరవై ఆరుకు పద్నాలుగు కలిపితే నలభై.

మర్నాడు లేబర్ కాంట్రాక్టరుకు ఫోన్ చేసి మనుషుల లిస్టు అడిగాను. "ఎందుకు మేడం?" అన్నాడు. చెప్పాను. "తొమ్మిది మంది అని రాసుకోండి," అన్నాడు. ఎందుకో నాకు తెలుసు. అతను పీఎఫ్ కట్టేది అంతమందికే. మేము మాత్రం నెలనెలా పద్నాలుగు మందికీ బిల్లు కడుతున్నాం. ఆ గొడవ తేలడానికి వారం పట్టింది, అది వేరే కథ. మొత్తానికి నలభై మంది అని ఒప్పుకున్నాం.

ఇక నిష్పత్తి. ఒక ఆర్థిక సంవత్సరంలో మొత్తం సిబ్బందిలో 2.5 శాతానికి తగ్గకుండా, 15 శాతానికి మించకుండా అప్రెంటిస్‌లు ఉండాలి. పై హద్దు మొదట 10 శాతం, 2019లో 15 చేశారు. నలభైలో 2.5 శాతం అంటే ఒక్కడు. 15 శాతం అంటే ఆరుగురు. మా అదృష్టం కొద్దీ రెండూ పూర్ణాంకాలే వచ్చాయి, లేకపోతే ఒకటింబావు మనిషిని ఎక్కడ తెచ్చేది!

సార్‌కు చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "తీసుకోకపోతే ఏమవుతుంది?" అది కూడా చదివే వెళ్ళాను. 2014 సవరణకు ముందు ఈ చట్టంలో ఆరు నెలల దాకా జైలు ఉండేది. సవరణ తర్వాత జరిమానాయే. తక్కువైన ఒక్కో అప్రెంటిస్‌కు మొదటి మూడు నెలలు నెలకు 500 రూపాయలు, ఆ తర్వాత ఖాళీ నింపేదాకా నెలకు 1,000. సార్ క్యాలిక్యులేటర్ తీశారు. మూడు అయిదు వందలు పదిహేను వందలు, తొమ్మిది నెలలకు తొమ్మిది వేలు. సంవత్సరానికి 10,500. అప్రెంటిస్‌ను తీసుకుంటే? ఐటీఐ పాసైన వాడికి అప్పట్లో కనీస స్టైపెండ్ 7,000, సంవత్సరానికి 84,000. అందులో ప్రభుత్వం నెలకు 1,500 ఇస్తుంది, అది తీసేసినా 66,000.

"జరిమానా కట్టేస్తే పోదా అమ్మా?"

ఆయన్ని తప్పు పట్టలేను. ఆ అంకెలు చూస్తే ఎవరికైనా వచ్చే ఆలోచనే అది. తీసుకోవడం కంటే తీసుకోకపోవడమే ఆరింతలు చవకగా ఉండేలా జరిమానా పెట్టినవాళ్ళు ఏ లెక్కన పెట్టారో మరి. నేను మాత్రం, ఆఫీసు రికార్డులో మన పేరు ఎక్కితే రేపు కస్టమర్ ఆడిట్‌లో అడుగుతారు సార్ అన్నాను. ఆయనకు జరిమానా అంటే భయం లేదు గానీ కస్టమర్ ఆడిట్ అంటే ఉంది.

సరే, ఒక్కడిని తీసుకుందాం అనుకున్నాం. అప్పుడు ఆయన రెండో ప్రశ్న అడిగారు. "ఆ పిల్లోడికి పీఎఫ్, ఈఎస్ఐ కట్టాలా?" అక్కర్లేదు. చట్టం దృష్టిలో అప్రెంటిస్ నేర్చుకునేవాడు, కార్మికుడు కాదు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న షరతు కూడా లేదు. మా షాపులో బర్ తీసే హెల్పరుకు చేతికి వచ్చేదే 13 వేల పైన. అప్రెంటిస్‌కు మా జేబులోంచి పోయేది 5,500. నేను చెబుతూ ఉండగానే సార్ కళ్ళలో వేరే లెక్క మొదలైంది. పావుగంట క్రితం ఒక్కడు కూడా వద్దన్న మనిషి, "ఆరుగురి దాకా తీసుకోవచ్చు అన్నావు కదా," అన్నారు.

ఎలా వాసన పట్టారో గానీ, ఆ వారంలోనే ఒక ఏజెంటు దిగాడు. అప్రెంటిస్‌లను తెచ్చి, ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు పనంతా తానే చేసి, తలకింత అని తీసుకుంటాడట. పోర్టల్‌లో మెషినిస్టు, టర్నరు లాంటి నిర్ణీత ట్రేడులే కాకుండా కంపెనీయే నిర్ణయించుకునే ఆప్షనల్ ట్రేడులు అని ఉన్నాయి, అందులో వేయిస్తే ఏ పనిలో పెట్టుకున్నా అడిగేవాళ్ళు ఉండరు అన్నాడు. ఆరుగురు పిల్లలను డీబరింగ్‌లో కూర్చోబెట్టి ఆరుగురు హెల్పర్లను పంపేయవచ్చన్నమాట. ఆప్షనల్ ట్రేడు పెట్టినది ఇందుకు కాదు, దానికీ పాఠ్యక్రమం ఉంటుంది, నేర్పాల్సింది ఉంటుంది. కానీ ఆ మాట వినే మూడ్‌లో ఎవరూ లేరు.

నాకు టెన్షన్ పట్టుకుంది. కాగితం మీద సంతకాలు చేసేది నేను. కాంట్రాక్టులో మెషినిస్టు శిక్షణ అని రాసి పిల్లవాడి చేతికి ఆకురాయి ఇచ్చి మూల కూర్చోబెడితే, రేపు వాడి నాన్న వచ్చి అడిగితే నేనేం చెప్పాలి?

ఫోర్‌మన్ అన్న దగ్గరికి వెళ్ళాను. ఈ పని మొదటి రోజే చేసి ఉండాల్సింది. ఆయన జాలహళ్ళిలో హెచ్‌ఎంటీలో అప్రెంటిస్ చేసినవాడు. తొంభైల మొదట్లో సంగతి అది. ఆరుగురు అనగానే చేతిలోని వెర్నియర్ కొలత పరికరం బల్ల మీద పెట్టేశాడు.

"ఆరుగురికి యాడ నేర్పేది మేడం? మెషిన్ కాడ నిలబడి నేర్పేటోళ్ళు ఎంతమంది ఉండారో సూడల్ల గానీ, గేటు కాడ సెక్యూరిటీని, కసువు ఊడ్చే ఆమెను లెక్కబెడితే ఎట్ల? ఆమె నేర్పుతాదా లేత్ పని?"

ఆ మాట నా బుర్రలో దిగబడిపోయింది. ఆఫీసుకు వచ్చి మళ్ళీ చట్టం తిరగేశాను. అన్న తనకు తెలియకుండానే పాత చట్టం మాట్లాడాడు. 1961లో చేసిన చట్టంలో నిష్పత్తి ట్రేడు వారీగా ఉండేది. ఫిట్టరుకొక నిష్పత్తి, టర్నరుకొక నిష్పత్తి. లెక్కపెట్టేది ఆ ట్రేడులో పనిచేసేవాళ్ళను, అందులోనూ అన్‌స్కిల్డ్ వాళ్ళను వదిలేసి. ఇంతమంది పనివాళ్ళు ఉంటే ఇంతమంది నేర్చుకునేవాళ్ళు అని. దాంతో ఇబ్బందులు లేవని కాదు. ఏ ట్రేడులో ఎంతమంది అని ప్రభుత్వం తేల్చి చెప్పాలి, వాళ్ళు వచ్చి లెక్క చూడాలి, కంపెనీలు విసిగిపోయేవి. 2014 సవరణతో అదంతా తీసేసి మొత్తం తలల మీద ఒక శాతం పెట్టారు. నాలాంటి ఆఫీసు వాళ్ళకు హాయి. ఒక్క గుణకారంతో అయిపోతుంది. కానీ ఆ గుణకారంలో గురువు జారిపోయాడు. సెక్యూరిటీ వాళ్ళు ఎక్కువుంటే ఎక్కువ మంది టర్నర్లను తీసుకోవచ్చు!

కాబట్టి మా షాపు లెక్క మేమే వేసుకున్నాం. ఇరవై ఆరు మందిలో ఆఫీసు నలుగురు, స్టోర్స్ ఒకరు, డ్రైవరు ఒకరు, ఇన్‌స్పెక్షన్ ముగ్గురు. ఆపరేటర్లు పదముగ్గురు, వాళ్ళలో ఎక్కువ మందికి జాబ్ (కోయాల్సిన ముక్క) ఎక్కించడం, బటన్ నొక్కడం, కొలవడం వచ్చు, ప్రోగ్రామ్ జోలికి వెళ్ళరు. డ్రాయింగ్ చదివి, మెషిన్‌లో ఆఫ్‌సెట్ (పనిముట్టు కొలతల సర్దుబాటు) పెట్టి, మొదటి జాబ్ తీసి ఇవ్వగలిగేది ముగ్గురు సెట్టర్లు, ఫోర్‌మన్ అన్న. నలుగురు. ఒక సెట్టరు సెకండ్ షిఫ్టు. అన్న సగం రోజు ఆఫీసులో కస్టమర్లతో. "ముగ్గురు. నాలుగోవాడొస్తే నేను బాధ్యుణ్ణి కాదు," అన్నాడు. సార్‌తో ఆ మాట ఆయనే చెప్పాడు, ఆరుగురు కలిసి నెలలో ఎన్ని ఇన్సర్టులు (మెషిన్‌లో లోహాన్ని కోసే మొనలు) విరగ్గొడతారో కూడా చెప్పాడు. ఇన్సర్టుల ధర సార్‌కు బాగా తెలుసు. ముగ్గురికి ఒప్పుకున్నారు. ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేశాం.

నోటీసుకు ఇరవై రెండో రోజున జవాబు ఇచ్చాం. మా మొత్తం సంఖ్య ఇది, కాంట్రాక్టు వాళ్ళను లెక్కించాలని తెలియక పొరపడ్డాం, ఈ సంవత్సరం ముగ్గురిని తీసుకుంటున్నాం అని. మాకు కర్ణాటకలో ఒక్కటే షాపు కాబట్టి రాష్ట్ర అప్రెంటిస్‌షిప్ అడ్వైజరు (ఈ చట్టం అమలు చూసే అధికారి) పరిధిలోకి వస్తాం. నాలుగు, అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఉన్న కంపెనీలను కేంద్రం చూసుకుంటుంది. జరిమానా పడలేదు.

పోర్టల్ పని గురించి ఎక్కువ చెప్పను. పాన్, జీఎస్టీ నంబరు, మనుషుల సంఖ్య ఇచ్చి సంస్థను నమోదు చేయాలి, ఏ ట్రేడులో ఎంతమంది కావాలో పెట్టాలి. పిల్లలు తమ ప్రొఫైల్‌తో దరఖాస్తు చేస్తారు, ఆధార్‌తో ఈ-కేవైసీ చేసుకోవాలి. మనం ఎంచుకున్నాక కాంట్రాక్టు తయారవుతుంది, ఇద్దరం ఒప్పుకోవాలి, ఆ తర్వాత అడ్వైజరు దగ్గర నమోదు. కాంట్రాక్టు వివరాలు ఏడు రోజుల్లో పోర్టల్‌లో ఎక్కించాలి. మూడు సార్లు ఓటీపీ రాక, నాలుగోసారి రెండు ఓటీపీలు ఒకేసారి వచ్చి, అలా అయిందనిపించాను.

ఇంటర్వ్యూకు పదకొండు మంది వచ్చారు. సగం మంది మన వైపు పిల్లలే, పొద్దున్నే రైలెక్కి యశ్వంతపురంలో దిగి, మెట్రో పట్టుకుని వచ్చారు. ముగ్గురిని ఎంచుకున్నాం. హిందూపురం దగ్గర నుంచి ఒక మెషినిస్టు, కదిరి నుంచి ఒక టర్నరు, పెనుకొండ నుంచి ఒక ఫిట్టరు. అందరూ రెండేళ్ళ ఐటీఐ పాసైనవాళ్ళు, కాబట్టి ప్రాథమిక శిక్షణ అక్కర్లేదు, సంవత్సరం పాటు నేరుగా షాపులోనే.

స్టైపెండ్ 7,000 అనగానే పెనుకొండ పిల్లవాడు నెమ్మదిగా, "మేడం, గేటు దగ్గర సెక్యూరిటీ అన్నకెంత?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. దాసరహళ్ళిలో ముగ్గురు కలిసి తీసుకున్న గదికే అద్దె 7,500. మళ్ళీ సార్ గది తలుపు తట్టాను. 7,000 అనేది కనీసమే, ఎక్కువ ఇవ్వకూడదని ఎక్కడా లేదు, 10,000 ఇద్దాం, మధ్యాహ్నం భోజనం క్యాంటీన్‌లో పెడదాం అన్నాను. ఆయన మూడు రోజులు నానబెట్టి ఒప్పుకున్నారు. దాంతో మాకు నెలకు తలకు 8,500, మిగతా 1,500 ప్రభుత్వం నుంచి.

ఆ 1,500 కథ ఒకటుంది. అంతకుముందు ఆ డబ్బు కంపెనీ ముందు ఇచ్చి తర్వాత ప్రభుత్వం దగ్గర తీసుకునేది. 2023 నుంచి నేరుగా పిల్లల ఖాతాలోకే వేస్తున్నారు. ఇద్దరికి పడింది, కదిరి పిల్లవాడికి పడలేదు. రెండు నెలలు వెతికాం. చివరికి వాడి ఆధార్ ఎప్పుడో స్కాలర్‌షిప్ కోసం ఊళ్ళో తెరిచిన ఖాతాకు లింకై ఉంది, డబ్బు అందులో పడుతోంది. వాళ్ళమ్మ పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకుని, ప్రభుత్వం ఏదో కొత్త పథకం పెట్టింది అనుకుని మేకపిల్లకు అడ్వాన్సు కూడా ఇచ్చేసింది.

షాపులో మొదటి నెల చూడాల్సింది. అన్న తెలుగులో చెబుతాడు, సెట్టరు కన్నడలో, వీఎంసీ ఆపరేటరు హిందీలో, డ్రాయింగ్ ఇంగ్లీషులో. పిల్లలు రోజూ చేసిన పని లాగ్‌బుక్‌లో రాయాలి. మొదట్లో ముగ్గురూ ఒకే వాక్యం రాసేవారు, ఒకరిది చూసి ఒకరు. అన్న చూసి పెన్ను లాక్కుని, "చేసింది గీయండి, రాయడం తర్వాత," అన్నాడు. అప్పటి నుంచి లాగ్‌బుక్‌లో బొమ్మలు వచ్చాయి, కొలతలతో సహా. ఆ పాత లేత్‌ను ఎవరూ ఎందుకు అమ్మనివ్వలేదో నాకు అప్పుడు తెలిసింది. చేత్తో ఫీడ్ తిప్పితే లోహం ఎట్లా కోసుకుంటుందో వేళ్ళకు తెలుస్తుందని, సీఎన్‌సీ అద్దం వెనకాల అది తెలియదని అన్న చెప్పాడు.

నవంబరులో మెషినిస్టు పిల్లవాడు మెషిన్‌లోంచి చిప్స్ (లోహపు తరుగు) చేత్తో లాగాడు. అరచేయి తెగింది, నాలుగు కుట్లు. ఆస్పత్రిలో కౌంటరు దగ్గర అలవాటుగా ఈఎస్ఐ కార్డు కోసం బ్యాగు వెతికాను. కార్డు లేదు కదా. బిల్లు 6,200, కంపెనీయే కట్టింది. అప్రెంటిస్‌కు పనిలో దెబ్బ తగిలితే పరిహారం యజమాని బాధ్యతే అని చట్టంలో స్పష్టంగా ఉంది, అప్పట్లో అది కార్మికుల పరిహార చట్టం లెక్క ప్రకారం. ఇన్సూరెన్స్ పాలసీ తీసుకుందాం సార్ అని ఆగస్టు నుంచి చెబుతున్నాను. కుట్లు పడ్డ మరుసటి వారం తీసుకున్నారు.

జనవరిలో ఒక పెద్ద ఆర్డరు మీద పడింది. రాత్రి షిఫ్టులో ఇద్దరు తక్కువ, పిల్లలను వేద్దాం అన్నారు సార్. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా అడ్వైజరు అనుమతి లేకుండా అప్రెంటిస్‌లను పెట్టకూడదు అని నియమం ఉంది, చూపించాను. "ఎవరొచ్చి చూస్తారమ్మా రాత్రి?" అన్నారు. అన్న ఒకటే అన్నాడు, రాత్రి సెట్టరు లేడు సార్, వాళ్ళు నేర్చుకునేదేముంది. ఆ మాట నా నియమం కంటే బాగా పనిచేసింది.

ఫిబ్రవరిలో పెనుకొండ పిల్లవాడు మానేశాడు. పార్సిళ్ళు చేరవేసే పనిలో 20,000 వస్తుందట, ఇంట్లో అక్క పెళ్ళి. బండి మీద కూర్చుని ఉండగానే గేటు దగ్గర చెప్పేసి వెళ్ళాడు. ఫైలింగ్‌లో మంచి చేయి వాడిది. అన్న రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. కాగితం మీద మాకు నష్టం లేదు, ఇద్దరున్నా కనీసం కంటే ఎక్కువే. పోర్టల్‌లో కాంట్రాక్టు రద్దు చేసి, కారణం అనే గడిలో వ్యక్తిగతం అని నింపాను.

మిగిలిన ఇద్దరూ సంవత్సరం పూర్తి చేసి, అప్రెంటిస్‌ల అఖిల భారత ట్రేడ్ టెస్టు రాసి పాసయ్యారు. జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వచ్చింది. కదిరి పిల్లవాడు మా దగ్గరే 17,000కు ఆపరేటరుగా చేరాడు. హిందూపురం వాడు ఇంకా పెద్ద కంపెనీకి వెళ్ళిపోయాడు. మనం నేర్పితే ఇంకొకరికి లాభం అని సార్ గొణిగారు. అన్న కప్పులోని కాఫీ ఊదుకుంటూ, "నాకు నేర్పినోళ్ళు ఎవరు సార్, నేను పని చేస్తాండేది ఎవరి కాడ?" అన్నాడు.

2025 ఏప్రిల్‌లో మళ్ళీ మనుషుల లెక్క వేశాను. నలభై నాలుగు మందిమి అయ్యాం, పెరిగిన నలుగురిలో ఇద్దరు సెక్యూరిటీ. ఈసారి పోర్టల్ తెరవకముందే షాపులోకి వెళ్ళి, ఎంతమందిని పెట్టమంటావన్నా అని అడిగాను.

"సెకండ్ షిఫ్టుకు ఇంకో సెట్టరు వస్తాడా రాడా, ముందు సార్‌ను అడిగి రా పో," అన్నాడు.